పట్టపగలు కప్పిన మిర్చి కుప్ప

ముందే ఒప్పుకుంటున్నాను: ఈ కథలో గూఢచారి దగ్గర పిస్టల్ ఉంది గానీ తీయదు. వారంగా సరైన నిద్ర లేదు, పైగా మిర్చి ఘాటుకి చేతులు మండిపోతున్నాయి.

ఏజెంట్ శ్రీరమ్య పర్చూరు దగ్గర ఒక మిర్చి కల్లంలో కూలి వేషంలో కాయలు ఏరుతోంది. పక్కనే హైవే మీద విమానాలు దిగే రన్‌వే. ఈరోజు అక్కడ ట్రయల్. చక్రాలు లాక్ అయ్యాయో లేదో పైలట్‌కి చెప్పే సెన్సర్ ఇకపై వైర్ లేకుండా పనిచేయాలి. పోటీలో రెండు టెక్నాలజీలు, మిర్చి రకాల పేర్లతో. విమానాలకే కేటాయించిన బ్యాండ్‌లో నడిచే మనది, కోడ్ పేరు 'తేజ'. వైఫై బ్యాండ్‌లో నడిచే విదేశీ కంపెనీది, 'బాడిగ'. దాన్ని ఎక్కడో కూర్చుని ఆపేసే దొంగదారి ఆ కంపెనీ చేతిలో ఉంది. 'తేజ' ఫెయిలైతే కమిటీ 'బాడిగ'కి సంతకం పెట్టేస్తుంది. అందుకే 'తేజ' సిగ్నల్‌ని అడ్డుకునే జామర్‌ని ఆ కంపెనీ ఇక్కడెక్కడో దాచిందని కబురు.

"జామర్ దొరికిందా అమ్మాయ్?" చెవిలో చీఫ్ లక్ష్మీకాంత్.

"తుమ్ములు దొరికాయి సార్."

"లారీలో ఉందని మెహర్ చెప్పిందిగా?"

"లారీ అంతా వెతికా. డ్రైవర్ లుంగీ తప్ప ఏం లేదు."

మెహర్ ఆ కంపెనీ కన్సల్టెంట్. రహస్యంగా మన మనిషి. అలాగని మనం అనుకుంటున్నాం.

విమానం కిందికి దిగుతోంది. రేడియోలో పైలట్ శివపార్వతి గొంతు. "గేర్ లైట్ పోయింది. లాక్ అయిందో లేదో తెలీట్లేదు. ఇంకో చుట్టుకి ఫ్యూయల్ లేదు."

శ్రీరమ్య తలెత్తింది. మార్చి ఎండలో కాయలన్నీ ఆరబోసి ఉన్నాయి. చివరి కుప్ప మీద మాత్రం టార్పాలిన్ పట్టా. పక్కన గొడుగు కింద మంగళగిరి పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. మెహర్.

"ఎండలో పట్టా కప్పారేంటి మేడమ్?"

"దుమ్ము పడకుండా."

"రాత్రి మంచుకి కప్పుతారండీ. పగలు కప్పితే కాయ ఉడికి రంగు పోద్ది. మా నాన్న చూశాడంటే తిడతాడు."

మెహర్ నవ్వింది. "మా కంపెనీకొచ్చెయ్. జీతం డబుల్."

"నిద్రపోనిస్తారా?"

జవాబు కోసం ఆగకుండా పట్టా లాగేసి, భుజాల దాకా చేతులు కుప్పలో దూర్చింది. మెహర్ ఆమె జడ పట్టి లాగింది. శ్రీరమ్య ఒక చేత్తో గుప్పెడు మిరప గింజలు వెనక్కి విసిరింది. మెహర్ కళ్లకి అద్దాలున్నాయి, ముక్కుకి లేవు. ఆవిడ తుమ్ముతుండగానే కుప్పలో ఒక కేబుల్ చేతికి తగిలింది. పీకేసింది.

"గేర్ లాక్డ్!" అంది శివపార్వతి. మరుక్షణం చక్రాలు రోడ్డుని తాకాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్. "మెహర్‌ని పోలీసులు తీసుకెళ్లారు. కమిటీ 'బాడిగ'ని పక్కన పెట్టేసింది."

"అయితే 'తేజ'నే కదా సార్?"

"ఇంకో ఏడాది ఆలోచిస్తారట. అప్పటిదాకా వైర్లే."

శ్రీరమ్య ఫోన్ పెట్టేసింది. తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి.

మీరు ప్రాణం పెట్టి చేసిన పనిని మీ ఆఫీసులో ఏ కమిటీ ఇలా అటకెక్కించింది? రాసి పంపండి. ఆ పిల్లకి కాస్త ఊరటగా ఉంటుంది.