గైరాన్ చుట్టూ పొలి

శనివారం... మిట్టమధ్యాహ్నం... నడినెత్తిన నిలిచిన సూర్యుడు నిప్పులు కురిపిస్తున్నాడు!

చీకటికి మాత్రమే జడిసే అమాయకులు ఈ వేళను లెక్కచేయరు. కానీ మనిషి నీడ మనిషి పాదాల కిందికే ముడుచుకుపోయే ఆ ఘడియ అర్ధరాత్రి కంటే భయంకరమైనదని క్షుద్రోపాసకులకు బాగా తెలుసు. తాండూరు నుంచి కొడంగల్ వెళ్లే బాట పక్కన, మల్కనపల్లె గైరాన్‌లో ఆ సమయాన ఒక్క పశువు లేదు, ఒక్క పిట్ట లేదు. మబ్బుతునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము ఉరిమింది. ఆ వెనుకనే... పట్టపగలు... గుడ్లగూబ కూసింది!

గైరాన్ అంటే ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి బీడు. దాని నడిబొడ్డున కొత్తగా తవ్విన గుంత ఉంది. నిలువెత్తు లోతు. గోడల నిండా పొరలు పొరలుగా నాపరాయి. ఆ గుంత అడుగున ఒళ్లంతా చితాభస్మం పూసుకుని, రక్తవర్ణ నేత్రాలతో కూర్చున్నాడు మాంత్రికుడు జంగప్ప. అతని ముందు ఒక మానవ కపాలం... ఆ కపాలం నిండా మట్టి! ఒక యువతి నడిచి వెళ్లిన అడుగు నుంచి ఎత్తి తెచ్చిన మట్టి!

"హ్రీం... క్రీం... ఆగచ్ఛ... ఆగచ్ఛ..."

అర కోసు దూరంలో, ఇంటి ముందు జొన్నలు చెరుగుతున్న యాదమ్మ చేతిలోని చేట జారిపోయింది. ఆమె మెడ వెనక్కి విరిగినట్టు వాలింది. కళ్లు తెల్లబడ్డాయి. కంఠంలోంచి కెవ్వుమని వికృతమైన కేక... ఆ వెంటనే వాంతి. తల్లి బీరమ్మ పరుగెత్తుకొచ్చి చూసేసరికి, బిడ్డ కక్కినది అన్నం కాదు... నాపరాతి పెచ్చులు!

ఇంతటి ఘోరం ఒక ఆడపిల్ల మీద ఎందుకు జరిగిందంటారా? రాయి కోసం! కేవలం రాయి కోసం!

అది 1958వ సంవత్సరం. గుత్తేదారు పాండురంగానికి భూమి మీద పెరిగేదేదీ కంటికి ఆనదు. పచ్చని కందిచేను చూపించినా దాని కింద ఎన్ని గజాల బండ ఉందనే అడిగే రకం. మల్కనపల్లె గైరాన్ అరవై ఎకరాలు తవ్వుకోవడానికి అర్జీ పెట్టుకున్నాడు. ఆ బీడు ఊరి పొలిమేరలోనిది కాదని, ఎవరికీ చెందని సర్కారు బంజరని పటం గీయించాడు. తీర్పు రాకముందే కూలీలను దింపి నడుమ గుంత కూడా తవ్వించాడు. గైరాన్ పోతే పశువులకు మేత ఉండదు. పశువులు పోతే దున్నడానికి ఎడ్లు ఉండవు, ఎరువు ఉండదు. ఆ తర్వాత చుట్టూ ఉన్న చేలు వాటంతటవే అతని చేతికి వస్తాయి. ఆ లెక్క వాడికి తెలుసు, ఊరికీ తెలుసు.

అందుకే మొట్టమొదట ఎదురు నిలిచింది నాలుగెకరాల కందిచేను ఉన్న బీరమ్మ. మొగుడు పోయిన మనిషి. ఒక్కతే బిడ్డ. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఒకప్పుడు కచేరీలో రాతపని చేసిన ముసలి గులాం నబీ ఎదురర్జీ రాశాడు. నూట నలభై మంది వేలిముద్రలు వేశారు. కలెక్టరు కచేరీ నుంచి జవాబు వచ్చింది. రాబోయే అమావాస్య నాడు, సోమవారం మధ్యాహ్నం, తహసీల్దారు స్వయంగా గైరాన్‌కు వస్తాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆ నేల మీద నిలబడి చెప్పుకోవాలి. ఎవరూ నిలబడకపోతే భూమి గుత్తేదారుదే!

పాండురంగం నవ్వుకున్నాడు. నిలబడకుండా చేయడానికి అతని దగ్గర జంగప్ప ఉన్నాడు మరి!

ఆనాటి నుంచి మల్కనపల్లెకు నిద్రలేదు. యాదమ్మను మంచానికి కట్టేశారు. నలుగురు మగవాళ్లు పట్టినా ఆగని బలం! రోజూ మిట్టమధ్యాహ్నం కాగానే ఆ సుకుమారి నోటి నుంచి మగ గొంతు గర్జించేది. తల్లి వైపు తిరిగి, పళ్లు పటపట కొరికి, ఒకే మాట చెప్పేది.

"సోమవారం నువ్వు గైరాన్‌ల కాలు పెట్టినవనుకో, నీ బిడ్డను తీస్కపోత. ఊరోళ్లల్ల ఒక్కడు నిలబడ్డా తీస్కపోత."

గైరాన్‌లోకి వెళ్లిన కిష్టప్ప ఎడ్లు రెండూ నురగలు కక్కుకుంటూ వచ్చి గుమ్మంలోనే కూలిపోయాయి. అలీమాబీ మేకలు తిరిగే రాలేదు. పైన రాబందులు... కింద దుర్గంధం... గుంతలో మాంత్రికుడు కూర్చున్నాడని ఊరంతా పొక్కింది. ఆ బీడు వైపు చూడడానికే జనం వణికిపోయారు. ఒకరి వెనుక ఒకరు గులాం నబీ ఇంటికి వచ్చి, తమ వేలిముద్ర కొట్టేయమని బతిమాలుకున్నారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. అందరినీ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి పంపాడు. అర్జీ మాత్రం పెట్టెలోంచి తీయలేదు.

మరుసటి శనివారం సాయంత్రం బీరమ్మే వచ్చింది. వారం రోజుల్లో మనిషి సగమైంది.

"నాకు ఇంకో బిడ్డ లేదు నబీ సాబ్. నా ఏలిముద్ర తీసెయ్యి" అన్నది.

"ఒత్తిన ఏలు కాగితం మీదికెల్లి లేవదు బీరమ్మా" అన్నాడు గులాం నబీ. "కానీ జర ఆలోచించు. భూమి ఇచ్చేస్తే బిడ్డను విడుస్తడని వాడు ఏనాడన్న అన్నడా?"

బీరమ్మ నిర్ఘాంతపోయింది. నిజమే... ఆ మగ గొంతు తీసుకుపోతానని బెదిరించింది గానీ, విడిచిపెడతానని ఒక్కసారి కూడా అనలేదు! ఇన్నాళ్లూ భయంలో ఆమెకు అది తట్టనే లేదు. కుంగిపోయిన ఆ తల్లి గుండెలో అప్పుడు పుట్టింది కోపం... పాతాళాన్ని దహించే కోపం! ఆమె నేరుగా మొగులప్ప ఇంటికి నడిచింది.

మొగులప్పది తరతరాలుగా ఊరికి పొలి మోసే ఇల్లు. ఊరికి ఆపద వచ్చినప్పుడు ప్రతి ఇంటి నుంచి పిడికెడు జొన్నలు తెచ్చి ఉడకబెడతారు. పోచమ్మకు కోసిన మేక రక్తం, పసుపు, వేపాకు కలుపుతారు. ఆ పొలిని పొలిమేర వెంట చల్లుకుంటూ ఊరు చుట్టి వస్తారు. చుట్టు పూర్తయిందంటే లోపల ఉన్నవాళ్లందరూ అమ్మ కాపుదలలో ఉన్నట్టే. అయితే ఎవరి ఇంటి గింజ గంపలో లేదో వాళ్లు లోపల ఉండకూడదు. ఉంటే... అమ్మ వాళ్లను విడిచిపెట్టదు! అందుకే ముందురోజే డప్పు కొట్టించి, పరాయివాళ్లను పొలిమేర దాటి పొమ్మంటారు.

మొగులప్ప తల అడ్డంగా ఊపాడు. పొలి చల్లేది ఊరికని, మాంత్రికుడు కూర్చున్నది గైరాన్‌లోనని, కాగితం ప్రకారం గైరాన్ ఊరిలోకి రాదని అన్నాడు.

"ఊరు యాడిదాక ఉన్నదో కాగితం ఎట్ల చెప్తది?" అన్నది బీరమ్మ. "మన పసులు మేసే దాక మన ఊరే. గైరాన్ కలుపుకొని చల్లుదాం."

మొగులప్ప చివరికి ఒప్పుకున్నాడు. కానీ ఒక సంగతి హెచ్చరించాడు. పొలి గంప కదిలాక ఎవరూ నోరు విప్పరాదు, వెనక్కి తిరిగి చూడరాదు. చుట్టు తెగిందంటే ఆ ఉగ్రశక్తి ముందుగా మింగేది యాదమ్మనే.

ఆదివారం డప్పు మోగింది. పరాయి ఊరివాళ్లు పొద్దు పొడవకముందే పొలిమేర దాటాలన్న చాటింపు గుంతలో ఉన్న జంగప్ప చెవిన కూడా పడింది. వాడు వికటంగా నవ్వాడు. పాండురంగం చూపించిన పటం వాడికి గుర్తుంది. ఆ పటంలో పొలిమేర గీత గైరాన్‌కు ఇవతలే ఆగిపోయింది. ఊళ్లో పొలి చల్లుకుంటే తనకేమిటి? ఎన్ని శ్మశానాలు కాచిన మాంత్రికుడో... సర్వే గీతను నమ్మి చెడ్డాడు!

సోమవారం... అమావాస్య... గాలి స్తంభించింది.

జాము పొద్దెక్కాక గంప కదిలింది. ముందు మొగులప్ప గంప మోస్తున్నాడు. పక్కనే పొలి చల్లుతూ బీరమ్మ. వెనుక మొదట ముప్పై మందే ఉన్నారు. ఊరు దాటేసరికి వందయ్యారు. కిష్టప్ప వచ్చాడు, గులాం నబీ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. అలీమాబీ తన ఇంటి జొన్నలు తెల్లవారకముందే ఇచ్చి పంపింది. ఎవరి నోటా మాట లేదు. వందల పాదాల చప్పుడు తప్ప మరో శబ్దం లేదు.

గంప పాత పొలిమేర దాటి గైరాన్ అంచుకు తిరిగింది. అప్పుడు తెలిసింది జంగప్పకు! నేల వేడెక్కింది... కపాలం గిరగిర తిరగడం మొదలుపెట్టింది... గుంతలోంచి పైకెక్కుదామంటే కాళ్లు రాయిలో దిగబడిపోయాయి!

"ఛిన్ధి... ఛిన్ధి... భిన్ధి..." వాడి అరుపుకు ఆకాశం నల్లబడింది. మెరుపులు బీడును కొరడాల్లా కొట్టాయి. సుడిగాలి లేచి జనం కళ్లల్లో దుమ్ము కొట్టింది. అయినా గంప ఆగలేదు. ఇంకా నూరు అడుగులు... చుట్టు కలవడానికి కేవలం నూరు అడుగులు!

మాంత్రికుడు తన చివరి అస్త్రం తీశాడు. ఊళ్లో మంచానికి కట్టిన తాళ్లు పటపటా తెగాయి. యాదమ్మ విరబోసుకున్న జుట్టుతో, రక్తమోడే పాదాలతో పరుగెత్తుకొచ్చి జనం వెనుక కూలబడింది. ఈసారి మగ గొంతు లేదు. తొమ్మిది రోజులుగా తల్లి వినాలని తపించిన గొంతు... కన్నబిడ్డ గొంతు!

"అవ్వా... నన్ను చంపుతున్నడు... ఒక్కసారి చూడవే అవ్వా..."

బీరమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. పిడికిట్లోంచి పొలి జారింది. మొగులప్ప కళ్లతోనే వద్దని వేడుకున్నాడు. అది మాంత్రికుడి మాయేనని, తన బిడ్డ కాదని ఆమె మనసుకు చెప్పుకుంది. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. పెదవి కొరికి రక్తం తెచ్చుకుని... ముందుకే అడుగు వేసింది. ఒకటి... పది... యాభై... వెనుక ఆ పిలుపు సన్నగిల్లింది... నూరు!

చుట్టు కలిసింది!

ఆ క్షణంలో గైరాన్ గర్జించింది! అరవై ఎకరాల నేల ఒక్క పెట్టున కంపించింది! లోపల నిలిచిన ఊరివాళ్ల ఒంటి మీద చల్లగాలి తగిలింది. గింజ లేనివాడు లోపల ఒక్కడే ఉన్నాడు. జంగప్ప చేతిలోని కపాలం పగిలి, అందులోని మట్టి నేలలో కలిసిపోయింది. తాను ఇన్నాళ్లు రక్తం పోసి పెంచిన క్షుద్రశక్తి బయటికి పోయే దారి లేక వాడి గొంతులోకే దూరింది. వాడు నోరు తెరిస్తే రాతి పెచ్చులు రాలాయి. గుంత గోడల్లోని నాపరాయి పొరలు ఒక్కొక్కటే కదిలి, జారి, వాడి మీద పరుచుకున్నాయి. ఆర్తనాదం ఆరో పొర దాకా వినిపించింది. ఆ తర్వాత నేల చదునైపోయింది.

వాన మొదలైంది. ఆ వానలోనే తహసీల్దారు జీపు వచ్చింది. పాండురంగం గొడుగు పట్టుకుని దిగి, గుంత ఉండాల్సిన చోటు వైపు చూశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఎక్కడ తవ్వుతావో లోపలికి వెళ్లి చూపించమని తహసీల్దారు జీపు దగ్గర నిలబడి రెండుసార్లు అడిగాడు. నేల మీద పసుపు రంగులో పడి ఉన్న జొన్న గింజల దగ్గర ఆ గుత్తేదారు కాళ్లు ఆగిపోయాయి. మూడోసారి అడిగేసరికి తనకు ఈ జాగ అక్కరలేదని గొణిగి, వానలో నడుచుకుంటూ తాండూరు బాట పట్టాడు. గులాం నబీ అర్జీ విప్పాడు. ఊళ్లో మిగిలినవాళ్లు కూడా వచ్చి చేరడంతో నూట నలభై మందీ అక్కడే ఉన్నారు. తహసీల్దారు దరఖాస్తు కొట్టివేసి సంతకం చేశాడు.

బీరమ్మ అదేమీ చూడలేదు. బిడ్డ తలను ఒళ్లో పెట్టుకుని, వాన నీళ్లతో ముఖం తుడుస్తూ కూర్చుంది. యాదమ్మ కళ్లు తెరిచింది. నల్లని, తేటైన కళ్లు. చాలాసేపు తల్లినే చూసింది.

"నేను గంత పిలిచిన... ఎందుకు చూడలేదవ్వా?"

బీరమ్మ చెయ్యి ఆగిపోయింది. పిలిచింది మాంత్రికుడు కాదు. నిజంగా బిడ్డే పిలిచింది.

"చూస్తే నువ్వు దక్కకపోతుంటివి బిడ్డా" అన్నది చివరికి.

యాదమ్మ తల్లి ఒళ్లోంచి తల తీసుకుంది. లేచి, తల్లి చెయ్యి పట్టుకోకుండా, జనం వెంట ఊరి వైపు నడిచింది. బీరమ్మ ఆమె వెనకాలే వెళ్లింది.