రంగుల షెడ్డు ఎనుక చైనా సేనాపతి

సిరిసిల్లల, ముస్తాబాద్ దిక్కు పోయే అడ్డతొవ్వ మీద మూతబడ్డ రంగుల షెడ్డు ఒకటి ఉండేది. నూలుకు రంగులద్దేటోళ్లు ఒకప్పుడు. ఓనరు దివాలా తీసి పోయిండు, తాళం మిగిలింది. షెడ్డు ఎనుక ఇంత జాగల గడ్డిపోచ మొలవదు. వానకాలంల ఊరంతా పచ్చగైనా గా జాగ బోడిగుండు లెక్కనే ఉంటది. ఏండ్లకేండ్లు రంగునీళ్లు పారబోస్తే ఏం మొలుస్తది చెప్పుండ్రి... కాని గంత సీదా మాట ఎవరింటరు? అక్కడ ఎవరో ఉన్నరంటేనే మనోళ్లకు తిన్నది అరుగుతది.

చీకటి పడ్డంక గా తొవ్వ పట్టినోళ్లకు ఎనుక నుంచి గుసగుస వినబడ్తదని చెప్పుకునేటోళ్లు. ఏదో నమిలినట్టు చప్పుడు కూడా వస్తదట. ఏం నమిలేదో అడిగే ధైర్యం ఎవరికీ లేకుండె.

గీ కథ సకల జనుల సమ్మె నాటిది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. సింగరేణిల బొగ్గు తీసుడు ఆగేసరికి కరెంటు కూడ సమ్మెల కూసున్నది. నోర్లు మాత్రం రాత్రింబవళ్లు నడిచినయి.

అప్పుడు టౌనుల ఒక పెద్ద పార్టీకి రాజేశం ప్రెసిడెంటు. తెలంగాణ కోసం తిరగబడ్డ అని చెప్పి చౌరస్తల టెంటు కింద అందరి ముందట పార్టీ కండువా తీసి పారేసిండు. జనం పోయినంక మల్ల ఏరుకొని మడతపెట్టి జేబుల పెట్టుకున్నడని గిట్టనోళ్లు అన్నరు. అడిగితే, "తిరుగుబాటు చేసిన గాని అధిష్ఠానానికి విధేయుడినే" అనేటోడు. పొద్దున తిరుగుబాటు, పొద్దుమీకి విధేయత. మన మరమగ్గాల లెక్క రెండు షిఫ్టులు.

ఆయనకు ఒక్కతే బిడ్డ, ప్రవళిక. డిగ్రీ చదువుతున్నది. టెంటు కింద తండ్రి కన్న ముందు కూసున్నది గామెనే. బాపు కండువా తీసిన నాడు చేతులు ఎర్రగయ్యేదాక చప్పట్లు కొట్టింది. గా నాడు బిడ్డ తన దిక్కు చూసిన చూపు రాజేశం మరిచిపోలే. పదవి ఎక్కువనా గా చూపు ఎక్కువనా అన్నది మాత్రం ఇంక తేల్చుకోలే.

ఒకనాడు పొద్దుమీకి హైదరాబాద్ నుంచి పార్టీ పెద్దల ఫోనచ్చింది. చీకటైనంక బైపాస్ కాడ కారుంటది, ఎక్కి రా, తప్పైందని చెప్పి కండువా ఏసుకో, మార్కెట్ కమిటీ చైర్మన్ నువ్వే. రాజేశం "సరే సార్" అన్నడు. ఫోన్లనే అయినా లేచి నిలబడి అన్నడు.

దర్వాజ కాడ నిలబడి ప్రవళిక మొత్తం విన్నది. ఏడ్వలే, లొల్లి పెట్టలే.

"బాపూ... నువ్వు పోయి లొంగితే, ఇగ నన్ను బిడ్డా అని పిలువకు."

గంతే అని టెంటు దిక్కు పోయింది.

రాజేశం కూడ ఎనుకనే పోయిండు. ఒకసారి మొఖం చూపెట్టకపోతే జనానికి అనుమానం వస్తది కద. అక్కడ దేవదాస్ సారు చైనా కథ చెప్తుండు. బడిల సోషల్ చెప్పే సారు, బడి బందైనంక టెంటునే క్లాసు చేసుకున్నడు. పక్కన పరుపు మీద ఆనందం అనేటోడు పడుకొని ఉన్నడు, ఆమరణ దీక్ష. మూడు రోజులాయె, మొఖం నిగనిగలాడుతున్నది. అందరు ఆత్మబలం అన్నరు.

"లీ డింగ్‌గువో అని ఒక సేనాపతి" అంటున్నడు సారు. "మొదలు మింగ్ రాజుల మీద తిరగబడ్డోడే. పరాయోళ్లు అచ్చి దేశం పట్టేసరికి, గా మింగ్ వంశంల ఆఖరి రాజు పక్కన నిలబడ్డడు. రాజు పక్క దేశం పారిపోయిండు, దొరికిండు, సచ్చిండు. ఈయన మాత్రం అడవి ఇడువలే. పానం పోయేముందు కొడుకును పిలిచి చెప్పిండు... అడవిల సస్తే సావు గాని, లొంగకు."

"మరి కొడుకు?" అన్నది ప్రవళిక.

"లొంగిండు. గది చరిత్ర. ఇగ జనం చెప్పుకునేది వేరే ఉన్నది. గా సేనాపతిని పాతిపెట్టిన కాడ గడ్డి మొలవదట. గా తొవ్వ పోయేటోళ్లు ఆగి, మోకాళ్ల మీద వంగి దండం పెట్టి పోయేటోళ్లట."

"మన రంగుల షెడ్డు లెక్క" అన్నరు ఎవరో. అందరు నవ్విండ్రు. పరుపు మీద ఆనందానికి ఎందుకో దగ్గచ్చింది. ప్రవళిక నవ్వకుండ బాపు దిక్కు చూసింది. రాజేశం తన చెప్పులు చూసుకున్నడు.

అంతల కరెంటు పోయింది.

పెద్ద తొవ్వ పట్టుకొని బైపాస్‌కు పోతే టెంటోళ్లు చూస్తరు. ఇగ ఉన్నది షెడ్డు ఎనుక తొవ్వనే. రాజేశం దెయ్యాలను నమ్మేటోడు కాదు — మైకు ముందట. సెల్లు లైటు ఏస్తే ఎవరన్న గుర్తుపడ్తరని చీకట్లనే నడిచిండు. చీకటి గుడ్డిగున్నది... కీచురాళ్లు మొత్తుకుంటున్నయి... షెడ్డు దగ్గరికి రాంగనే అవి కూడ ఆగినయి.

ఒక వాసనచ్చింది. కమ్మగ, ఘాటుగ, లవంగాల వాసన. దెయ్యం అచ్చేముందు కమ్మటి వాసన వస్తదని చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ మొగిలవ్వ చెప్పింది. గప్పుడు నవ్విండు. గిప్పుడు నవ్వు రాలే.

గడ్డి మొలవని జాగ మీద... ఏదో తెల్లగ.

మోకాళ్ల మీద ఉన్నది. తల కనబడ్తలేదు. వంగుతున్నది — లేస్తున్నది — మల్ల వంగుతున్నది.

దండం పెడ్తున్నదా? ఎవరికి?

బస్సులన్నీ బందుంటే చైనా నుంచి సేనాపతి ఎట్ల అచ్చిండని ఒక్కసారి ఆలోచిస్తే అయిపోయేది. గా సోయి రాజేశానికి లేదు. అక్కడనే నిలబడ్డడు. అప్పుడు గొంతు వినబడ్డది, నోట్లె మట్టి పెట్టుకొని మాట్లాడినట్టు, గుసగుసగ —

"లొం...గ...కు..."

గాలి ఆగింది. అటెంక చెవుల కాడనే, సాఫ్‌గ, ఒక్క మాట.

"బిడ్డా..."

రాజేశం ఎనుకకు తిరిగి ఉరికిండు. ఒక చెప్పు అక్కడనే పోయింది. జేబుల ఫోను మోగుతున్నది, కారు వాళ్లది. ఉరుక్కుంటనే ఆఫ్ చేసిండు. టెంటుల పడి రొప్పుకుంట ఒక్కటే మాట అన్నడు, "నేను లొంగ."

ప్రవళిక నీళ్లు తెచ్చింది.

"బిడ్డా..." అని పిలిచి చూసిండు, భయంభయంగ.

"ఆఁ బాపూ" అన్నది గామె. గా ఒక్క జవాబుకు రాజేశం మనసు నిండిపోయింది. చిన్నపోరని లెక్క ఏడ్చిండు.

చైర్మన్ కుర్చీల ఇంకెవరో కూసున్నరు. రాజేశం మల్ల కండువా ఏసుకోలే. తెల్లారి ఆయన మైకుల చెప్పిన సేనాపతి కథ మాత్రం టెంటు టెంటు తిరిగింది. కోరుట్లకు పోయేసరికి ఆయనకు తెల్లగుర్రం అచ్చింది. జగిత్యాల టెంటుకు చేరేసరికి అసలు ఆయన మనోడే, బతుకుదెరువుకు చైనా పోయిండు అన్నరు.

రాష్ట్రం అచ్చిన రాత్రి చౌరస్తల పటాకులు కాలుతుంటే, ఆనందం మెల్లగ రాజేశాన్ని పక్కకు గుంజిండు.

"అన్నా, కోపం చెయ్యకు. గా రాత్రి దెయ్యం... నేనే."

"ఏంది?"

"షుగరు మనిషివి, సస్తవురా అని మా పక్కింటి జోహరా బీ చిన్నమ్మ దినాం రాత్రి డబ్బల లవంగాలేసిన బగారన్నం పెట్టిచ్చేది. షెడ్డు ఎనుకకైతే ఎవరు రారని, కరెంటు పోంగనే అక్కడికి పోయి మోకాళ్ల మీద కూసొని, డబ్బ మీదికి వంగి వంగి తినేటోన్ని. గా నాడు ఒక కుక్క నా తెల్లలుంగి పట్టుకున్నది. నోట్లె బుక్క పెట్టుకొని 'లుంగి గుంజకు' అన్న. తెల్లారి నువ్వు మైకుల సేనాపతి 'లొంగకు' అన్నడని చెప్పినవ్. నా దీక్ష ఇజ్జతు పోతదని నేను నోరు మూసుకున్న."

రాజేశం పగలబడి నవ్విండు.

"అంటే నా త్యాగం మొత్తం నీ లుంగిదేనా? పోనీరా... కుక్కను పట్టుకొని బిడ్డా అని ఎందుకన్నవ్?"

ఆనందం నవ్వలే.

"నేను అనలే అన్నా. లుంగి గుంజకు, గంతే అన్న. బిడ్డా అన్నది నాకు గూడ వినబడ్డది. నువ్వే అన్నవనుకున్న."

"నేనా? నాకు నోరే లేవలే..."

ఒక పటాకి పేలింది. ఇద్దరు ఉలిక్కిపడ్డరు. గా ముచ్చట మల్ల ఎత్తలే.

ఇప్పటికి రాజేశం గా తొవ్వల పోతే షెడ్డు ఎనుక బండి ఆపుతడు. దిగి, మోకాళ్ల మీద వంగి, ఇంతసేపు గట్లనే ఉంటడు. ఎవరన్న చూసి అడిగితే బూటు లేసు ఊడింది, కట్టుకుంటున్న అంటడు. ఆయన జన్మల ఏసుకున్నది రబ్బరు చెప్పులే.