ఈ చిరునామాలో లేరు

పండు ఈ దేశానికి వచ్చి ముప్పై మూడు రోజులైంది. ఈ ముప్పై మూడు రోజుల్లో ఆమె పోస్టు డబ్బాలో పడ్డవి సోఫాల ప్రకటనలు ఏడు, పళ్ళ డాక్టరు కరపత్రాలు రెండు, తప్పిపోయిన పిల్లి ఫోటో ఒకటి. తన పేరున వచ్చిన కాగితం ముక్క ఒక్కటీ లేదు.

పండు అన్నది ఇంట్లో పిలుపు. చదివింది ఫిజియోథెరపీ. మోకాలి ఆపరేషనై మంచానికి అతుక్కుపోయినవాళ్ళని కబుర్లలో పెట్టి నాలుగడుగులు వేయించడంలో ఆమెది మంచి చెయ్యి. ఇక్కడి ఆసుపత్రి పిలిచి ఉద్యోగం ఇచ్చింది. ఇస్తూనే ఒక మెలిక పెట్టింది. ఈ దేశపు ఫిజియోథెరపీ బోర్డు పంపే రిజిస్ట్రేషన్ కార్డు అందేదాకా పేషెంటు మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ కార్డేమో పోస్టులోనే వస్తుంది. అందాకా పండు తువ్వాళ్ళు మడతపెడుతూ కూర్చుంది. ఇన్నేళ్ళ చదువూ తువ్వాలు అంచుల దగ్గరే ఆగిపోయిందనిపించి, ముప్పై నాలుగో రోజు మధ్యాహ్నం నేరుగా పోస్టాఫీసుకి వెళ్ళి నిలదీసింది.

కౌంటర్లో ఉన్నావిడ కంప్యూటర్ చూసింది. "ఆ ఇంటికి మీ ఇంటిపేరు మీద వచ్చేవన్నీ కొత్త అడ్రసుకి పంపిస్తున్నామమ్మా. మీ ఆయనే కదా రాసిచ్చింది?"

"మా ఆయనా? నాకింకా పెళ్ళే కాలేదండీ!"

"మరి అదే ఇల్లు, అదే ఇంటిపేరు..." ఆవిడ జాలిగా చూసింది. ఇంట్లో ఏదో గొడవై ఉంటుందనుకున్నట్టుంది.

ఇంటికొచ్చి కింద ఉండే ఓనరమ్మని అడిగితే అసలు సంగతి బయటపడింది. పండు కంటే ముందు ఆ వాటాలో ఉన్న అబ్బాయిదీ అదే ఇంటిపేరు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనికి దగ్గరని ఊరి అవతలికి మారాడు. పోతూ పోతూ తన టపా కొత్తింటికి మళ్ళించమని రాసిచ్చాడు.

"మీరిద్దరూ చుట్టాలేమో అనుకున్నానే!" అని నవ్వుతూ ఓనరమ్మ ఫోన్ నంబరిచ్చింది.

పండుకి నవ్వు రాలేదు. మెట్ల మీదే నిలబడి ఫోన్ చేసింది.

"నా ఉత్తరాలు మీ ఇంటికి వస్తున్నాయట" అంది, హలో కూడా లేకుండా, తెలుగులోనే.

అవతల ఏదో ఇనుప ముక్క కిందపడ్డ చప్పుడు. "ఓ... అవి మీవా! వస్తున్నాయండీ. ఆరేడు దాకా వచ్చాయి."

"హమ్మయ్య! జాగ్రత్తగా ఉన్నాయా?"

"విప్పి కూడా చూడలేదండీ." అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "కవరు మీద 'ఈ చిరునామాలో లేరు' అని నీట్‌గా రాసి, ఎవరివి వాళ్ళకి తిరిగి పంపేశాను."

పండు మెట్టు మీద కూలబడింది. "అన్నీనా?"

"ఒక్కటీ వదల్లేదండీ."

"బ్యాంకు కార్డు?"

"చేతికి గట్టిగా తగిలింది. అదే అనుకుంటా."

"బోర్డు నుంచి పెద్ద కవరు..."

"నీలం గీత ఉన్నదేనా? అది ముఖ్యమైనదిలా కనిపించిందండీ. అందుకే దాన్ని రిజిస్టర్ పోస్టులో తిప్పి పంపాను."

"మీ మంచితనం మండిపోనూ!" అంది పండు. అని, ఫోన్ పెట్టేసి, కొంగు లేదు గనక చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే, వానలో నిలువునా తడిసిన మనిషి. ఒక చేతిలో పనిముట్ల పెట్టె, మరో చేతిలో హెల్మెట్. బూట్ల చుట్టూ చిన్న చెరువు కట్టింది.

"తిట్టడం మధ్యలో ఆపేశారు. మిగతాది వినిపోదామని వచ్చాను" అన్నాడు.

పండు ఎంత బిగపట్టినా పెదవి చివర ఓ నవ్వు జారిపోయింది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అలవాటైన చెయ్యి, అంచుకి అంచు కలిపి మడతపెట్టి మరీ ఇచ్చింది.

మర్నాడు బోర్డుకి ఫోన్ చేస్తే సంగతి ఇంకా ముదిరిందని తెలిసింది. కవరు వెనక్కి రావడంతో వాళ్ళు ఫైలు మూసేశారు. మళ్ళీ తెరవాలంటే, ఆ ఇంట్లో ఉంటున్నట్టు తన పేరున వచ్చిన కరెంటు బిల్లు పట్టుకుని ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం నాలుగులోపు స్వయంగా రావాలి. తప్పితే మొదటినుంచీ దరఖాస్తు. అంటే మరో నాలుగు నెలలు. అన్నాళ్ళు ఆగలేమని ఆసుపత్రి ముందే చెప్పింది.

సంగతి విని మెకానిక్, "నేను చెడగొట్టిన పని నేనే బాగుచేయాలి" అన్నాడు. శనివారం పొద్దున్నే వచ్చాడు. ఇద్దరూ మెట్ల కింద గదిలోకి దూరి, టార్చి వేసి, మీటరు అంకె రాసుకున్నారు. బూజు పండు జుట్టుకి అంటుకుంది. అతను చూశాడు, చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి తన తలే దులుపుకుని సైగ చేశాడు.

తర్వాత కరెంటు కంపెనీకి ఫోన్. నలభై నిమిషాలు ఒకటే పియానో సంగీతం. స్పీకర్ పెట్టి, కాఫీ తాగి, పియానో ఎక్కడ తప్పు వాయిస్తోందో కూడా కనిపెట్టారు. ఆఖరికి ఒకమ్మాయి పలికింది.

"మీ ఇద్దరి ఖాతా కలిపే ఉందండీ. శ్రీమతి, శ్రీవారు అని."

"మేం భార్యాభర్తలం కామండీ" అంది పండు.

"ఓ, సారీ. విడిపోయారా?"

"ఇంకా కలిస్తే కదండీ!" అన్నాడు మెకానిక్.

పండు అతని వైపు చురుగ్గా చూసింది. అతను మీటరు అంకె రాసిన కాగితాన్ని మహా శ్రద్ధగా చదువుతున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆమె పేరున విడిగా బిల్లు పంపుతామన్నారు. అయితే టపా మళ్ళింపు రద్దు కావడానికి పోస్టాఫీసుకి మరో రెండు వారాలు పడుతుందట. అందాకా ఆమె ఉత్తరాలన్నీ అతనింటికే వస్తాయి.

"ఈసారి తిప్పి పంపరుగా?"

"నేనే తెచ్చిస్తాను. రోజూ."

అన్నట్టే పని దిగగానే బస్సెక్కి వచ్చేవాడు. ఉత్తరం ఉన్నరోజు ఉత్తరం ఇవ్వడానికి. లేనిరోజు, "ఇవాళేం లేదండీ" అని చెప్పడానికి. ఫోన్లో చెప్పొచ్చు కదా అని పండు అడగలేదు. అడిగితే నిజంగానే ఫోన్లో చెప్తాడేమోనని భయం. అతను ఏ భవనంలో ఏ లిఫ్టు ఎందుకు మొండికేసిందో చెప్పేవాడు. పండు తువ్వాళ్ళ గదిలో వినపడే పేషెంట్ల గొణుగుళ్ళు అభినయించి చూపించేది. అతను పగలబడి నవ్వేవాడు.

ఓ ఆదివారం నాన్నమ్మ వీడియో కాల్లోకి వచ్చినప్పుడు ఈ కథంతా చెప్పింది పండు. నాన్నమ్మ కళ్ళజోడు సవరించుకుంది.

"మనింటిపేరేనా? అయితే ఇంకేం! నీకు అన్న వరస అవుతాడే. పరాయిదేశంలో తోడబుట్టినవాడిలా దొరికాడు. చక్కగా అన్నయ్యా అని పిలువు."

పండు గబుక్కున మాట మార్చి, అక్కడ వానలు పడ్డాయా అని అడిగింది.

మర్నాడు అతనొచ్చినప్పుడు, దాచడం చేతకాక నవ్వుతూనే చెప్పేసింది. "మా నాన్నమ్మ లెక్క ప్రకారం మీరు నాకు అన్నయ్యట."

అతనూ నవ్వాడు. ఆ నవ్వు మొహం దాకా వచ్చింది గానీ కళ్ళదాకా పోలేదు. "పెద్దావిడ చెప్పారంటే నిజమే అయ్యుంటుంది" అన్నాడు. కాఫీ సగంలోనే వదిలి లేచాడు.

ఆ తర్వాత కూడా వచ్చాడు గానీ, ఉత్తరాలు తలుపు సందులోంచి లోపలికి తోసి వెళ్ళిపోయేవాడు. తలుపు తీసేసరికి మెట్ల మీద బూట్ల చప్పుడు మాత్రం మిగిలేది. "అన్నయ్యా" అని అద్దం ముందు ఒక్కసారి అని చూసుకుంది పండు. నాలుక తిరగలేదు. ఆ మాట మంచిదే. మనిషీ మంచివాడే. రెండూ కలపబోతే మాత్రం అతకలేదు.

ఇరవై ఏడు వచ్చింది. బిల్లు రాలేదు. ఇరవై ఎనిమిది మధ్యాహ్నం రెండున్నరకి పండు తువ్వాళ్ళ గదిలో గడియారం వంక చూస్తూ కూర్చుంది. ఇక ఆశ వదులుకుంటున్న సమయానికి రిసెప్షనిస్టు పరిగెత్తుకొచ్చింది.

"ఎవరో ఒకాయన ఇచ్చిపోయాడు. ఒళ్ళంతా గ్రీజు. వాన. పిలుస్తానంటే పనుందని ఆగలేదు."

ఒక ఖాకీ కవరు. లోపల కరెంటు బిల్లు, పొడిగా, పెళపెళలాడుతూ. పైన ఒక్క పేరే ఉంది. తన పేరు. పండు కోటైనా తొడుక్కోకుండా రోడ్డు మీదికి ఉరికింది.

మూడూ నలభైకి బోర్డు ఆఫీసులో టోకెన్ తీసుకుంది. మూడూ యాభై రెండుకి కౌంటర్లో బిల్లు ఇచ్చింది. గుమస్తా అద్దాలు పైకి తోసుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. రెండు ముద్రలు కొట్టాడు. "కార్డు వచ్చేవారం. ఈలోపు ఈ అనుమతి పత్రం చూపించి సోమవారం నుంచి పని మొదలుపెట్టుకోండి" అన్నాడు.

పండు బెంచీ మీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది. అప్పుడు చూసింది ఖాకీ కవరు వైపు. దాని మీద తెలుగులో రాశాడు. ఫలానావారి అమ్మాయిగారికి, అర్జంటు, అని. పండు అని రాయలేదు. చెల్లెలని అంతకంటే రాయలేదు. ఇంటిపేరు పెట్టి రాశాడు, పెళ్ళిపిలుపు మీద రాసినట్టు. పైగా తప్పు రాశాడు. నడుమ 'ద' ఉండాల్సిన చోట 'డ' వేశాడు.

తెలుగు కూడా సరిగ్గా రాదు ఈ మనిషికి, అనుకుని నవ్వబోయి, ఆగిపోయింది.

ఎవరైనా సొంత ఇంటిపేరు తప్పు రాస్తారా?

ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకరి ఇంటిపేరు ఒకరు ఇంగ్లీషులోనే చూశారు. కవర్ల మీద, బిల్లుల మీద, పోస్టు డబ్బా మీద. ఒకటేగా అన్న ధీమాతో ఎన్నడూ నోటితో పలికి చూసుకోలేదు. ఇంగ్లీషువాడికి 'ద' అయినా 'డ' అయినా ఒకటే అక్షరం!

ఫోన్ చేస్తే అందలేదు. లిఫ్టు గొయ్యిలో సిగ్నల్ ఉండదని ఒకసారి చెప్పాడు. ఈ నెలంతా ఏ భవనంలో పనో కూడా అప్పుడే చెప్పాడు. పండు బస్సెక్కింది.

ఆరో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరిచి ఉన్నాయి. 'మరమ్మతు జరుగుతోంది' అన్న బోర్డు పక్కన అతను కేబుల్ తుడుస్తున్నాడు. ఆమెను చూసి గుడ్డ కింద పడేశాడు.

"పని కాలేదా? టైము దాటిపోయిందా?"

"పనయింది. మీ ఇంటిపేరు చెప్పండి."

"మీదే కదండీ."

"నోటితో పలకండి."

అయోమయంగా పలికాడు. స్పష్టంగా, 'డ' పెట్టి.

"నాది 'ద' అండీ" అంది పండు. "దండలో 'ద'. మీది డబ్బాలో 'డ'."

అతను ఆమె చేతిలోని కవరు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. చేతివేళ్ళు ఏదో లెక్క వేసుకున్నాయి. "అంటే... మీ నాన్నమ్మగారి లెక్క..."

"తప్పింది. కానీ ఆవిడ ఒప్పుకుంటే గానీ తప్పినట్టు కాదు."

అక్కడికక్కడే వీడియో కాల్ కలిపింది. నాన్నమ్మ అంతా విని, రెండు ఇంటిపేర్లూ చెరో మూడుసార్లు తన నోటితో అని చూసుకుంది. "ఛ ఛ, వీళ్ళు వేరు, మనం వేరు. ఏమాత్రం సంబంధం లేదు. ఏదీ, ఆ అబ్బాయికియ్యి ఫోను."

మెకానిక్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని, జుట్టు సవరించుకోబోయి నుదుటికి గ్రీజు పూసుకున్నాడు.

"ఏం బాబూ, ఏం పని చేస్తుంటావు?"

"జనాన్ని పైకి పంపిస్తుంటానండీ" అన్నాడు కంగారులో.

"నన్ను మాత్రం ఇప్పుడే పంపకు నాయనా. మనవరాలి పెళ్ళి చూడాలి."

"అయ్యో, లిఫ్టులో అండీ! లిఫ్టులో!"

పండు గోడకి ఆనుకుని పొట్ట పట్టుకుంది. నాన్నమ్మ మాత్రం నవ్వలేదు. ఇద్దరినీ ఫోన్ తెర మీద కలిసి కనిపించేలా నిలబడమని, కాసేపు చూసింది.

"సరే. వరసకి అడ్డం లేదు. మరి మనసులు కుదిరాయా?"

ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎవరితోనూ అనలేదు అంతవరకూ. అతను కిందపడ్డ గుడ్డ తీసి మళ్ళీ కేబుల్ తుడవబోయాడు.

"నా వైపు నుంచి కుదిరింది నాన్నమ్మా" అంది పండు. "అవతలివాళ్ళ సంగతి నువ్వే కనుక్కో."

అతను ఫోన్ వైపు చూడలేదు. పండు వైపే చూశాడు.

"ఉత్తరం లేనిరోజు కూడా రెండు బస్సులు మారి వచ్చాను" అన్నాడు మెల్లగా. "ఇంకెలా చెప్పాలో తెలీలేదు."

"బాగుంది. మీ అమ్మ నంబరియ్యి. పెద్దవాళ్ళం మేం మాట్లాడుకుంటాం" అంది నాన్నమ్మ. "మీరు పోయి ఏదన్నా తినండి. మొహాలు పీక్కుపోయాయి."

ఫోన్ ఆగింది. బయట వాన కూడా సన్నబడింది. లిఫ్టు బాగవడానికి మరో గంట పడుతుందని అతను మొహమాటంగా చెప్పాడు. పరవాలేదు, నడుద్దామని పండు చెయ్యి చాచింది. చేతికి గ్రీజు ఉందన్నాడు. ఉంటే ఉందిలెమ్మంది.

ఆరు అంతస్తులు దిగడానికి వాళ్ళకి ముప్పావు గంట పట్టింది.