రెండు ఒకట్ల జాబితా

ఏప్రిల్ పద్దెనిమిది. పొద్దున్న 11.10.

బిలాస్‌పూర్, తెలిపారా పేట. రైల్వే పెన్షనర్ల గృహ సహకార సంఘం నోటీసు బోర్డు మీద నలభై ఫ్లాట్ల కేటాయింపు జాబితా అంటించారు.

అందులో మొదటి పేరు మాయం.

ఆ పేరు అప్పయమ్మది. గ్యాంగ్‌మన్ భార్య, ఇప్పుడు ఒంటరి. పందొమ్మిదేళ్ల సభ్యత్వం. సంఘంలో ఆమెకంటే సీనియర్ లేరు. పైగా జాబితా చివర 40 నంబరు పక్కన ఎవరి పేరూ లేదు.

"ఆ ఖాళీ అమ్ముకోవడానికే," అన్నాడు సంఘం అధ్యక్షుడు తిరుమలరావు.

వేలు మాత్రం క్లర్కు జ్యోతిర్మయి వైపు చూపించాడు. జాబితా తీసింది ఆమె. సాయంత్రం ఐదుకి సర్వసభ్య సమావేశం. అక్కడ తీర్మానం, వెంటనే పోలీసు ఫిర్యాదు. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అన్న ముద్ర పడితే ఈ ఊళ్లో ఇంకెవరు పనిస్తారు?

ముందస్తు విచారణకి సంఘం పిలిస్తే, 2.30కి సైబర్ సెల్ ఎస్సై ఊర్మిళ వచ్చింది. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి.

ముందుగా ఆమె కంట పడింది తిరుమలరావు భుజం మీది శాలువా. నలభై రెండు డిగ్రీల ఎండలో శాలువా!

పోయిన వారమే సంఘం చేత సన్మానం చేయించుకుని కప్పించుకున్నాడు. సంఘం పాత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వదిలి ఉచితంగా దొరికే కొత్తదానికి మారింది. జాబితాలు తీసేది మాక్రో. అంటే, ఒక్క బటన్ నొక్కితే పనంతా వరసగా చేసుకుపోయే చిన్న ప్రోగ్రాం. పాతదానికి రాసిన ఆదేశాలు కొత్తదానికి అర్థం కావు. అందుకని ‘మాక్రో ప్రామాణీకరణ కమిటీ’ వేశాడు తిరుమలరావు. దానికి తానే చైర్మన్. ఆదేశాలు మార్చింది తానే. "పరీక్షించాను, లోపం లేదు" అని సంతకం పెట్టిందీ తానే. ఆ ఘనతకే శాలువా. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఊర్మిళకి ఒళ్లు మండింది. ఇలాంటి శాలువాలు ఆమె చాలా చూసింది.

"జాబితా ఎన్నింటికి తీశావు?"

"10.40కి మేడమ్," అంది జ్యోతిర్మయి.

"చేత్తో ఏమైనా మార్చావా?"

"నహీ మేడమ్, సచ్చీ, ఒట్టు. బటన్ నొక్కాను, ప్రింట్ తీశాను, బస్."

"సరిచూసుకోలేదా?"

"సార్ టెస్ట్ చేశారు కదా అని..."

"చూశారా అమ్మా? తప్పు ఒప్పుకుంది," తిరుమలరావు అందుకున్నాడు. "నా మాక్రో తప్పు చెయ్యదు." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మూల బెంచీ మీంచి అప్పయమ్మ లేచింది. "ఓలమ్మా, ఆ గుంట అలాటిది కాదు. నాకు ఇల్లు రాకపోతే ఏటైంది, దాన్ని మాత్రం జైలుకి తోలకండి."

ఊర్మిళ అసలు షీట్ తెరిచింది. అప్పయమ్మ పేరు పదిలంగా ఉంది. కానీ రెండో వరసలో. మొదటి వరసలో ఒకే అక్షరం: శ్రీ.

"ఇది ఎవరు పెట్టారు?"

"నానే," అన్నాడు జగన్నాథం. సంఘం పాత గుమాస్తా. "శ్రీ సుట్టకుండా ఏ కాయితమూ మొదలెట్టను. అందుకే ‘రెండో వరస నించి సదువు’ అని పాత మాక్రోలో రాయించినాను."

"అచ్ఛా," అంది ఊర్మిళ. లేచి నోటీసు బోర్డు దగ్గరకి వెళ్లింది. అక్కడో పాత కాగితం ముందు రెండు నిమిషాలు నిలబడింది. దాన్ని ఊడదీసి మడిచి జేబులో పెట్టుకుంది.

5.00. హాలు నిండింది.

"పాత సాఫ్ట్‌వేర్ వరసల్ని ఒకటి నుంచి లెక్కపెడుతుంది," మొదలుపెట్టింది ఊర్మిళ. "కొత్తదాని మాక్రో సున్నా నుంచి. దానికి ‘రెండు’ అంటే మూడో వరస. అందుకే శ్రీతో పాటు అప్పయమ్మ గారినీ దాటేసింది. అటు చివర పేర్లు అయిపోయాక ఒక ఖాళీ వరస చదివింది. ఆ ఖాళీయే నలభై. అధ్యక్షులవారు ఆదేశాల్లో మాటలు మార్చారు, అంకెలు మార్చలేదు."

తిరుమలరావు తేలిగ్గా నవ్వాడు. "పొరపాటు ఎవరికైనా సహజం. నాకేం తెలుసు?"

"తెలుసు."

ఆమె జేబులోని కాగితం బల్ల మీద పరిచింది. "ఏప్రిల్ మూడు. మీ కమిటీ ఐదుగురి జాబితా. ఇదే మాక్రోతో తీసింది. అందరి కళ్ల ముందే ఉంది. మొదట మీ పేరు, పక్కన 1. కింద జగన్నాథం గారు. ఆయన పక్కన?"

జగన్నాథం కళ్లజోడు సర్దుకున్నాడు. "అదీ ఒకటే. అధ్యక్షులు నన్ను సమానంగా సూసినారనుకున్నాను!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"చివర 5 పక్కన ఖాళీ. అంటే మొట్టమొదట మాయమైన పేరు మీదే. ఆ సాయంత్రం 6.12కి మీ లాగిన్‌లో ఆ ఫైల్ తెరిచినట్టు కంప్యూటర్‌లో నమోదైంది. మీ ఒక్క పేరూ 1 అంకెతో పైన చేత్తో టైపు చేసుకున్నారు, కింది అంకెలు మార్చలేదు. లోపం తెలిసీ మాక్రోని అలాగే వదిలేశారు, శాలువా ఆగిపోతుందని. పదిహేను రోజులు! ఈ పిల్ల జైలుకి పోయినా సరే అనుకున్నారు. ప్రామాణీకరణ అంటే ఎక్కడ నుంచి లెక్కపెట్టాలో అందరూ ఒప్పుకోవడం. మీ లెక్క మీతో మొదలై మీతోనే ఆగిపోయింది. సిగ్గుచేటు."

తిరుమలరావు శాలువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఊర్మిళ మాక్రోలో రెండు చోట్ల అంకె ఒకటి తగ్గించింది. "నొక్కమ్మా."

జ్యోతిర్మయి నొక్కింది. కాగితం బయటికొచ్చింది. మొదట అప్పయమ్మ. చివర నలభైకీ ఒక పేరుంది. ఆ పిల్ల కాగితం పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది.

బల్ల మీద ఫిర్యాదు సిద్ధంగా ఉంది. ఊర్మిళ అందులో జ్యోతిర్మయి పేరు కొట్టేసింది. ఆ చోట తిరుమలరావు పేరు తన చేత్తోనే రాసి, సంతకాలకి సభ్యుల ముందుకి తోసింది.

అప్పయమ్మ ఆయన దగ్గరకి వచ్చింది. చెమటతో తడిసిన శాలువా కేసి చూసింది.

"ఇంత ఎండలో అదేటికి బాబూ? తీసేయ్."

ఆయన తీసేశాడు.