గిన్నె పట్టని టబ్బు

నర్సు షాపులోకి గిన్నెతో వచ్చింది. చేతిసంచిలోంచి రెండు చెవులూ బయటపెట్టి చూస్తున్న పెద్ద గిన్నె. పొద్దుటి నుంచీ వార్డులో నిలబడ్డ కాళ్లు ఆమెవి. డ్యూటీ బూట్లు కూడా మార్చుకోలేదు.

డ్రైవరు అప్పటికే వచ్చి, అమ్మకానికి పెట్టిన ఫ్రిజ్‌కి ఒరిగి కునుకు తీస్తున్నాడు.

"లేవండి డ్రైవరు గారూ, స్టాపొచ్చింది."

"వచ్చావా లాస్ట్‌స్టాపూ," అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఆ పేరు పెట్టింది అతనే. డ్యూటీ దిగి అతని బస్సెక్కిన నర్సు, వాన పడుతున్న కిటికీకి తల ఆనించి, దిగాల్సిన చోటు దాటి చివరి స్టాపు దాకా నిద్రపోయింది. లేపినందుకు అతన్నే తిట్టింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఆమె స్టాపు రాగానే అతను హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. ఎందుకో తెలియక మిగతా జనం ఉలిక్కిపడేవాళ్లు. అలా ఆవులింతల మధ్యే ప్రేమ ముదిరి పెళ్లి దాకా వచ్చింది. వచ్చే నెలలోనే ముహూర్తం. అద్దెకు ఇల్లు దొరికింది. అంట్లు తోమే ఓపిక ఇద్దరికీ లేదని ఏకగ్రీవంగా తీర్మానించుకుని డిష్‌వాషర్ కోసం వచ్చారు.

షాపు అమ్మాయి రెండు మెషీన్ల తలుపులు తెరిచి చూపించింది.

"ఇది సన్నది మేడమ్, నలభై ఐదు సెంటీమీటర్లు. అది వెడల్పుది, అరవై. ఎత్తు రెంటికీ ఒకటే, వెడల్పును బట్టి లోపలి టబ్బులోనే తేడా. కంచాలూ గ్లాసులూ అయితే సన్నదాంట్లో హాయిగా పడతాయి. రోజూ పెద్ద గిన్నెలు వాడితే మాత్రం వెడల్పుదే సుఖం."

"సన్నది," అన్నాడు డ్రైవరు.

"వెడల్పుది," అంది నర్సు.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. షాపు అమ్మాయి రెండు మెషీన్ల మీదా చెరో చెయ్యి వేసి నిలబడింది. ఇలాంటి జంటలు ఆమెకు కొత్త కాదు.

నర్సు గిన్నె తీసి వెడల్పు టబ్బు కింది అరలో బోర్లించింది. కొలిచి చేసినట్టు కూర్చుంది. సన్నదాంట్లో పెడితే చెవులు గోడలకి తగిలి అర లోపలికి కదల్లేదు. ఏటవాలుగా పెట్టి చూస్తే పై అర అడ్డం.

"చూశావుగా."

"ఇంత గిన్నె ఎందుకు? బస్సులో జనమందరికీ వండుతావా?"

"ఇది అమ్మ గిన్నె."

"అయితే?"

ఆ మాట ఆమెకు సూదిలా దిగింది. మోకాళ్లు పట్టేసిన తల్లిని ఒంటరిగా వదిలేసి కాపురానికి రావడం ఆమె వల్ల కాదు. వెంట తెచ్చుకుంటానని అతనితో చెప్పాలనుకుంటూనే రోజూ బస్సెక్కేది. ఎక్కగానే నిద్ర. అదే నెపంగా మాట రేపటికి వాయిదా. అతను కాదంటే ఈ పెళ్లి ఇక్కడితో ఆగిపోవాలి. అందుకే ఇవాళ నోటితో చెప్పలేక గిన్నెను మోసుకొచ్చింది.

"ఇద్దరికీ సన్నది చాలు. అంతేగా," అంది. ఆమె కోపం కూడా అలిసిపోయి ఉంది.

"ఇద్దరని ఎవరన్నారు?"

"మరి ఆ సన్నదాని మీద అంత మోజెందుకు?"

డ్రైవరు జేబులోంచి నైలాన్ తాడు ముక్క తీసి నేల మీద పరిచాడు. చిరిగిన సీట్లు కట్టే తాడు. మధ్యలో ముడి.

"ఈ చివర సింకు. ఆ చివర కిటికీ గోడ. వంటింట్లో మనకున్న చోటు ఇంతే. ముడి దాకా సన్న మెషీను."

"ముడి తర్వాత?"

"కుర్చీ."

"ఎవరికి?"

"అత్తయ్యకి. మీ ఇంటికొచ్చినప్పుడు చూశాగా. కుర్చీలో కూర్చుని కూరలు తరుగుతూ, పొయ్యి మీద నువ్వేం మాడుస్తున్నావో అక్కణ్ణించే చెబుతారు. వెడల్పుది పెడితే కుర్చీ గుమ్మం అవతలికి పోతుంది. అక్కడ ఒక్కరూ కూర్చుని ఎవరితో మాట్లాడతారు? నిన్న కుర్చీ తీసుకెళ్లి వేసుకుని నేనే కూర్చుని చూశా. మోకాళ్లకి ఏదీ తగల్లేదు."

నర్సు పక్కనున్న అట్టపెట్టె మీద కూలబడింది. చాలాసేపు ఆ ముడినే చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు మేలుకున్నావని? అయినా ఆవిణ్ణి వదిలేసి వస్తావని నేనెప్పుడూ అనుకోలేదు."

ఆమె కొంగు లేని యూనిఫాం చేతితోనే కళ్లు తుడుచుకుంది. "మరి గిన్నె?"

"నేను తోముతా."

"రోజూనా? నిలబడి నిద్రపోయే మనిషివి."

"తోముతూనే నిద్రపోతా. నువ్వు హారన్ కొట్టు."

షాపు అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి మెషీను తలుపు తుడవసాగింది.

నర్సు తల్లికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ముగ్గురికి అంత గిన్నె ఎందుకే?" అంది తల్లి. "అది ఇల్లు నిండా చుట్టాలున్న రోజుల్లోది. చిన్న గిన్నె కొనుక్కుంటే పోయేదానికి షాపులో తగువా?"

"సరేలే అమ్మా."

"కుర్చీలో కూర్చుని చూశాడా అబ్బాయి?"

"చూశాడట."

తల్లి వెంటనే అందుకుంది. "కిటికీ వైపు వెయ్యమను. తరిగేటప్పుడు నాకు వెలుతురు కావాలి."

సన్నదే తీసుకున్నారు. బయట సన్నటి వాన. ఎక్కిన బస్సు వేరే డ్రైవరుది. సీట్లో ఇద్దరూ, ఇద్దరి ఒళ్లో గిన్నె. ఆమె తల అతని భుజమ్మీదికి వాలింది, అతని తల ఆమె తల మీదికి.

హారన్ కొట్టి లేపేవాడే నిద్రపోయాడు కాబట్టి, ఆ సాయంత్రం ఇద్దరూ చివరి స్టాపు దాకా వెళ్లారు.