సాంబ్రాణి పట్టిన జాలీ

వకుళ ప్లగ్గు తీసి, హీటరు తీగ పొడవునా చెయ్యి జార్చి చూసింది. ఎక్కడా కాలడం లేదు. హీటరును పక్కకు వాల్చింది. లోపలి మీట టక్కుమంది. పొరపాటున పడినా ఆగిపోతుంది, ఫరవాలేదు. ఇక చల్లారేదాకా ఆగాలి.

పైన కరగని మంచు బరువుకి గది కప్పు సన్నగా కిర్రుమంది. ఈ నేలకింది ఊళ్ళో నిప్పు వెలిగించకూడదు, గాలివంతు చాలదు. దేవుడి ముందు కూడా చల్లదీపమే. వెచ్చదనమంతా చేత్తో మోసుకుతిరిగే ఈ హీటర్లదే. ఏ ఇంటి హీటరు ఎంత పనిచేస్తోందో ఊరి వంతులు లెక్కగట్టే యంత్రం గణకి గోడల్లోంచి చదువుతూ ఉంటుంది. సత్యనాథంగారి హీటరు నూటికి నూరు ఇవ్వడం లేదని అదే బాగుచెయ్యమని వకుళను పంపింది. బాగుపడకపోతే హీటరును పట్టుకుపోయి, ఆయన్ను ఉమ్మడి వెచ్చశాలకు మార్చేస్తుంది.

వెనక మూత తీస్తే పంఖా ఇరుసుకు పొడుగాటి తెల్లవెంట్రుక చుట్టుకుని ఉంది. ముందు జాలీ మీద తేనెరంగు పూత గట్టిపడి ఉంది. అది కరిగి గడ్డకట్టిన సాంబ్రాణి అని వకుళకు చూడగానే తెలిసింది. పోయినేడు కన్నుమూసిన ఇల్లాలు సుభాషిణమ్మ తలంటుకున్న రోజున జాలీ మీద సాంబ్రాణి పలుకులు వేసి, జుట్టు ఆరబెట్టుకునేదట. అప్పుడు గణకి కంటే తనే వద్దని ఎక్కువ పోరేవాణ్ణని సత్యనాథంగారు నవ్వబోయాడు.

"పంఖాలోది తీసెయ్ తల్లీ, మూలుగుతోంది. జాలీ మాత్రం గీకకు. సాయంత్రం వెయ్యగానే ఒక్క క్షణం ఆ వాసనొస్తుంది. అంతే నాకు."

వకుళ వెంట్రుకను తెంచకుండా విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దేవుడి గూట్లో పెట్టబోయి, తలవెంట్రుక కదా అని ఆగి, కండువా కొసన ముడేసుకున్నాడు. ఆమె గాలి వచ్చే దారుల్లో దుమ్ము దులిపింది. జాలీ మీది పూతను గోటితో గీరి చూసింది. రాలదు, అంటుకోదు. వేడిని కాస్త ఆపుతుంది, అంతే. ప్రమాదం లేదు, పనితీరే తక్కువ. పొగ కూడదన్నది సబబే. మరి వాసన మీద కూడా లెక్క ఉండాలా అనుకుంది.

మూత బిగించి హీటరు వేసింది. పంఖా నిశ్శబ్దంగా తిరిగింది. తీగచుట్టలు ఎర్రబడుతుండగా ఆ వాసన వచ్చింది. వకుళకు ఈ నేలకిందికి రాకముందు అమ్మ ఒళ్ళో వెల్లకిలా పడుకున్న రోజులు, తడిజుట్టు కింద సాంబ్రాణి పొగల మట్టిమూకుడు, జుట్టులో తిరిగే అమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. సత్యనాథంగారు కళ్ళు మూసుకున్నాడు. వాసన పోయాక కూడా చాలాసేపు తెరవలేదు.

"ఇక ఉంటాను బాబాయిగారూ," అని ఆమె నడవలోకి వచ్చింది.

గోడలోంచి గణకి పలికింది. పనితీరు నూటికి తొంభై దగ్గరే ఉంది. తగ్గిన వేడి ఎవరి వంతులోంచి పూడ్చాలని అడిగింది. ప్రతి పని చివరా అడిగేదే అది. ఎవరూ జవాబివ్వరు. ఇవ్వకపోతే హీటరు వెళ్ళిపోతుంది.

వకుళ గోడ మీద బొటనవేలు ఆనించింది.

"నా ఇంటి వంతులోంచి."

గణకి ఎన్నడూ ఎవరినీ అడగని మాట అడిగింది. "ఎందుకు?"

వకుళ జడ ముందుకు తీసుకుని కొసను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఇంకా ఉంది.