పొట్టి స్తంభాల ఇల్లు

"పొట్టివే ముందు విరుగుతాయి" అంది ఇంజనీరమ్మాయి.

కళ్ళజోళ్ళ దుకాణం కుర్రాడికి ఒళ్ళు మండింది. ఆమె అతనికంటే జానెడు పొడుగు. కొండవాలు మీది తన ఇంటిపై ఇంకో అంతస్తు వేయడానికి సలహా అడుగుదామని పిలిస్తే, వచ్చీ రాగానే ఈ మాటా?

"పొట్టివాళ్ళంటే మీకంత చులకనా మేడమ్?"

"నేనన్నది స్తంభాల గురించండీ."

ముందువైపు లోయలోకి దిగిన పొడుగు స్తంభాలనూ, వెనక కొండను ఆనుకున్న పొట్టివాటినీ ఆమె చూపించింది. "భూకంపం వస్తే పొడుగువి కాస్త ఊగి తట్టుకుంటాయి. పొట్టివి బిర్రబిగుసుకుంటాయి. దెబ్బంతా వాటికే. ముందు వీటిని గట్టిచేయించండి. అంతస్తు సంగతి మర్చిపోండి."

"అది లేకపోతే మా అమ్మ నాకు పెళ్ళి చేయదు. కోడలికి వేరే గది ఉండాలట."

"అమ్మాయి దొరికిందా?"

"గదే లేదుగా."

ఆమె నవ్వు దాచుకుంటూ తల వంచింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

"మేడమ్, మీకు స్క్రూ లూజు."

నవ్వు మాయమైంది. "ఏమన్నారు?"

"నేనన్నది కళ్ళజోడు గురించండీ."

పొట్టి స్తంభాల మధ్య కాంక్రీటు గోడల పని మొదలైంది. ఆమె వారం వారం వచ్చి చూసేది. వచ్చినప్పుడల్లా అతను కళ్ళజోడు బిగించేవాడు. మరో వారానికి అది మళ్ళీ వదులయ్యేది. ఏ ఫ్రేమూ అంత తొందరగా వదులు కాదని అతనికి తెలుసు. అడగలేదు.

పని పూర్తయింది.

"ఇక నేను రానక్కర్లేదు" అంది ఆమె, గుమ్మం వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ.

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "మేడమ్, ఒక్క మాట..."

కాళ్ళు వణికాయి. భయం వల్లేననుకున్నాడు. వణుకుతున్నది ఇల్లు.

ఆమె అతని కాలరు పట్టుకుని భోజనాల బల్ల కిందికి లాగింది. అక్కడ అప్పటికే అమ్మ ఉంది.

"ఏదో మాటన్నావు, చెప్పరా" అంది అమ్మ.

"అమ్మా, భూకంపం."

"తెలుసులే. చెప్పు."

పైన గిన్నెలు దొర్లుతుండగా కళ్ళు మూసుకుని అనేశాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"ఇన్నాళ్ళు పట్టిందా?" అంది ఆమె. అతని చెయ్యి పట్టుకుంది.

ఊగడం ఆగింది. అమ్మ బయటికి పాకి, చుట్టూ చూసింది. గోడకు ఒక్క బీటైనా లేదు.

"ఆగిపోయింది, రండి."

"మళ్ళీ రావచ్చండీ" అంది ఇంజనీరమ్మాయి లోపల్నుంచి. "కాసేపు ఇక్కడే ఉండటం మంచిది."

అమ్మ బల్ల మీది గుడ్డను నేలదాకా లాగి, తలుపు దగ్గరగా వేసి, వీధిలోకి వెళ్ళిపోయింది.